వంతలేని పాట

కొన్నాళ్ల క్రితం మా మండల కేంద్రంలో ఒక సంస్మరణ సభ జరిగింది. కూలిరేట్ల కోసం ఊరూరా తిరిగిన ఒక వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్త చనిపోయి అప్పటికి ఏడాది. ఖాళీ స్థలంలో షామియానా వేశారు. మూడొందలమంది దాకా వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది నాట్లు ముగించుకొని, కాళ్లు కడుక్కొని, నేరుగా వచ్చిన ఆడవాళ్లు. అందరికంటే ముందు, కుర్చీలో కాదు, కింద పరచిన పట్టా మీద, చనిపోయినవాడి తల్లి కూర్చుంది.

ఒక యువగాయకుడు ఒక్కడే వేదిక ఎక్కాడు. మంచి గొంతు. సొంత ఖర్చులతో వచ్చాడు కనుక అతని నిబద్ధతను శంకించవలసిన పని లేదు. పాట గురించి పది నిమిషాలు మాట్లాడాడు. తర్వాత పెన్‌డ్రైవ్‌లోంచి వాద్యాలు మోగాయి. పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం ముగియగానే, "చప్పట్లు! గట్టిగా! ఇంకా గట్టిగా! నాకు వినపడటం లేదు!" అని మైకులో కేకేశాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకంటే అది చావు మీది పాట. ఆ తల్లి అప్పుడే, సన్నగా, తనలో తాను, పల్లవి చివరి మాటను అందుకుంటున్నది. చప్పట్లు మొదలయ్యేసరికి ఆమె పెదవులు ఆగిపోయాయి. పాట పూర్తయింది. చప్పట్లూ బాగానే మోగాయి. కాని ఆ సభలో పాట పుట్టలేదు.

ఇంటికొస్తూ దారి పొడుగునా నేను ఆలోచించింది ఆ కుర్రవాడి తప్పు గురించి కాదు. మన విమర్శ గురించి. పాట మీద మనం రాసిన వ్యాసాలు తక్కువేమీ కావు. వస్తువు చూశాం, వర్గదృక్పథం చూశాం, ప్రతీకలు చూశాం, మాండలికం చూశాం. అయితే అదంతా అచ్చయిన పాట. నోటి మీద, సభ మధ్యన, రాత్రి తొమ్మిది గంటలకు, పాడైన మైకు ముందు ఆ పాట ఏమవుతుందో మనం రాయలేదు. నాటకాన్ని ప్రదర్శన లేకుండా విమర్శించటం అసంపూర్ణమని ఒప్పుకున్న మనమే పాటను మాత్రం పుస్తకంలో పెట్టి తూకం వేస్తున్నాం. ఆ లోపాన్ని కొంతైనా పూడ్చటానికి ఈ నాలుగు మాటలు. ముఖ్యంగా, దళం లేకుండా ఒక్కడే వేదిక ఎక్కే గాయకుడి గురించి.

1

మన ప్రజాకళల చరిత్ర ప్రధానంగా వంత చరిత్ర. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఊళ్లకు తీసుకుపోయిన బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, ఒకవైపు రాజకీయ వ్యాఖ్యానం చేసే వంత, మరోవైపు హాస్యపు వంత. నాజర్ అంతటి కథకుడు కూడా ఒంటరిగా నిలబడి బుర్రకథ చెప్పలేదు. ఆ రూపమే అందుకు ఒప్పుకోదు. వంత ప్రశ్నిస్తాడు, అడ్డుతగులుతాడు, ఔనంటాడు. నిజానికి అతను సభ తరఫున వేదిక మీద నిలబడ్డ మనిషి. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట ప్రచారానికి వాడుకున్న గొల్లసుద్దుల్లోనూ మాటకు మాట అందించేవాళ్లు ఉన్నారు. 1972లో మొదలైన జననాట్యమండలి ప్రదర్శనల్లో గద్దర్ గొంతు వెనక ఎప్పుడూ ఒక బృందగానం నడిచింది.

ఒక్కడే నిలబడి చెప్పే హరికథ సంగతేమిటని అడగవచ్చు. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు పట్టి గంటల తరబడి సభను కట్టిపడేసిన మాట నిజమే. కాని హరిదాసు ఒంటరివాడా? కథ మధ్యలో అతను సభచేత భగవన్నామం పలికిస్తాడు. ఊపిరి తీసుకోవటానికి అతనికి వ్యవధి దొరుకుతుంది. కునికిపాట్లు పడుతున్నవాడు మేలుకుంటాడు. కథ అందరిదీ అవుతుంది. ఆ భక్తి మనకు అక్కర్లేదు. ఆ కిటుకు వెనక ఉన్న జ్ఞానం మాత్రం కావాలి. వంత వేదిక మీద లేనప్పుడు సభే వంత అని అతనికి తెలుసు.

అమ్మమ్మ కథ చెబుతూ "ఊఁ కొట్టండిరా" అనేది. ఊఁ ఆగిపోతే కథ ఆపేసేది. పిల్లలు నిద్రపోయారో లేదో తెలుసుకోవటానికే అలా అంటుందని అనుకునేవాణ్ణి. విననివాడికి కథ చెప్పటం సాధ్యం కాదన్న సంగతి పెద్దయ్యాక గాని బోధపడలేదు.

కనుక ఒంటరి గాయకుడి సమస్య గొంతు సమస్య కాదు, వంత సమస్య. ఈ మధ్య సభల్లో నేను చూస్తున్న పొరపాట్లన్నీ లోతుకుపోయి చూస్తే ఈ ఒక్క మూలం నుంచే పుడుతున్నాయి. తనకు వంత ఎక్కడుందో గాయకుడు మరిచిపోతున్నాడు.

2

మొదటి పొరపాటు, పాటకు ముందు ఉపన్యాసం. పాటలో ఏముందో ముందే విప్పి చెప్పేస్తే ఇక పాడటం దేనికి? శ్రోతకు విప్పుకునే పని మిగల్చకపోవటం అతని తెలివిని తక్కువ చేయటమే. గద్దర్ కూడా మాట్లాడేవాడు కదా అంటారు. ఔను, కాని ఎక్కడ మాట్లాడాడో గమనించాలి. ఆయన మాట పాటకు ముందు కాక పాట లోపల ఉండేది. పల్లవికీ చరణానికీ మధ్య, దరువు నడుస్తుండగా, బృందం అందిస్తుండగా, ఎదురుగా ఉన్న మనిషితో ముచ్చటించినట్టు మాట్లాడి, ఆ మాట మీదినుంచే మళ్లీ పాటలోకి దిగేవాడు. మాట పాటకు వాకిలి అయింది. మనవాళ్ల చేతిలో అది గోడ అవుతున్నది.

రెండోది శ్రుతి. వేదిక ఎక్కగానే గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పైపైన ఆడుతుంది. ఇంట్లో ఒకటి శ్రుతిలో హాయిగా పాడుకునే మగగొంతు ఆ ఉద్వేగంలో రెండుకో రెండున్నరకో ఎత్తుకుంటుంది. పల్లవి బ్రహ్మాండంగా ఉంటుంది. చరణం పైస్థాయికి వెళ్లేసరికి గొంతు చీలిపోతుంది. వేగం సంగతీ ఇంతే. సాధన చేసిన నడక కంటే సభలో పాట ఎప్పుడూ పరుగెత్తుతుంది, పాడేవాడికి మాత్రం అది మామూలు నడకలాగే అనిపిస్తుంది. వేగం పెరిగినకొద్దీ ముందుగా నలిగేది హల్లులు. హల్లులు నలిగితే మాట పోతుంది. శాస్త్రీయ సంగీతకారుడికి మాట పోయినా రాగం మిగులుతుంది. మనకు మాట పోతే ఏమీ మిగలదు. కాబట్టి ఎత్తుకునే ముందు ఒక్క నిండు ఊపిరి తీసుకొని, పాటలోని అన్నిటికంటే పైస్థాయి మాటను మనసులో ఒకసారి అనుకొని, దాన్ని బట్టి శ్రుతి నిర్ణయించుకోవాలి. వినటానికి ఇది చిన్న జాగ్రత్త, కాని సభను నిలబెట్టేది ఇదే.

డప్పు పట్టి ఒంటరిగా పాడేవాళ్లకు ఇంకో మాట. మంట దగ్గర కాచిన తోలు కొంతసేపే బిగువుగా ఉంటుందని, మంచు పడే రాత్రుల్లో ఇంకా తొందరగా సడలుతుందని డప్పు కొట్టేవాళ్లందరికీ తెలుసు. పల్లెల్లో డప్పుగాళ్లు పక్కన మంట వేసుకునేది ఊరికే కాదు. వేదిక ఎక్కిన మన కుర్రవాడు మాత్రం తోలు సడలిపోయిన డప్పును మరింత బలంగా కొట్టి, ఆ మోతతో తన మాటను తానే పూడ్చేస్తున్నాడు. చిర్ర, చిటికెన పుల్ల రెండూ గొంతు కింద నడవాలి గాని గొంతు మీద స్వారీ చేయకూడదు.

3

మూడోది యంత్రం ముందు అజ్ఞానం. మైకును మనం ఇంకా అలంకారంగానో శత్రువుగానో చూస్తున్నాం. అది కేవలం ఒక చెవి. పెదవులకు ఆనించి పాడితే లోగొంతు ఉబ్బిపోయి, ప, బ, భ అక్షరాల దగ్గర గాలి దెబ్బకు పెఠీలుమంటుంది. మూరెడు దూరం జరిగితే మాట పలచబడుతుంది. బెత్తెడు దూరంలో స్థిరంగా ఉంచి, గొంతు ఎత్తినప్పుడు కొద్దిగా వెనక్కి, దించినప్పుడు కొద్దిగా ముందుకు జరగటం నేర్చుకోవాలి. మైకు పట్టుకున్న చేతితోనే అభినయించేవాడు పాటలో సగం గాలికి వదిలేస్తాడు. మైకుతో స్పీకర్ ఎదురుగా నడిస్తే కీచుమని అరవటం సహజం. దానికి మైకువాణ్ణి తిట్టటం, అదీ మైకులోనే తిట్టటం, శ్రమజీవుల పాట పాడేవాడికి మరీ తగదు. సభకు ముందు వెళ్లి, ఆ కార్మికుణ్ణి పలకరించి, రెండు పంక్తులు పాడి చూసుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. అప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఖాళీ హాలు ఘంటలా మోగుతుంది. జనం నిండాక మనుషుల ఒళ్లు ఆ మోతను తాగేస్తాయి. ఖాళీ హాలులో సరిపోయిందనుకున్నది నిండుసభలో చాలదు.

యంత్రం గురించే మరో పెద్ద ప్రశ్న, ట్రాక్. ముందే ముద్రించిన వాద్యాల మీద పాడటం ఇవాళ ఒంటరి గాయకులకు ఆనవాయితీ అయింది. నలుగురు వాద్యకారుల్ని తీసుకుపోవటానికి బస్సు చార్జీలు ఎక్కడివి అంటారు. ఆ కష్టం నాకు తెలియంది కాదు. కాని దానికి చెల్లిస్తున్న మూల్యం చూడండి. సభ ఒక పంక్తిని మళ్లీ కోరుకుంటే ట్రాక్ ఆగదు. ముసలమ్మ కంటతడి పెడితే, ఆ మౌనాన్ని ఒక్క క్షణం నిలపటానికి ట్రాక్ ఒప్పుకోదు. వంత వినగలదు, ట్రాక్ వినలేదు. వినలేని వాద్యం గాయకుణ్ణి కూడా చెవిటివాణ్ణి చేస్తుంది. డక్కలి కిన్నెర మెట్లను చూడండి. సొరకాయ బుర్రల కిన్నెరతో ఒక్క మనిషి వీరగాథలు వినిపిస్తాడు; ఆ కళకు ప్రతినిధిగా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర గొంతుతోపాటే ఆగుతుంది, గొంతుతోపాటే సాగుతుంది. వాద్యం పేదదే కావచ్చు, వినికిడి మాత్రం గొప్పది. చేతిలో ఒక డప్పో కంజీరో ఉన్నా, ఏమీ లేక ఉత్తగొంతే ఉన్నా, చెవిటి వాద్యబృందం కంటే మేలు.

4

నాలుగోది చప్పట్లు. వంత దొరకనివాడు చప్పట్లు అడుగుతాడు. అడిగి తెచ్చుకున్న చప్పట్లకూ, అందుకున్న వంతకూ తేడా ఉంది. మొదటిది గాయకుడికి ఇచ్చే కానుక. రెండోది పాటలో భాగస్వామ్యం. పైగా బహిరంగసభలో చప్పట్లకు ఒక భౌతికధర్మం ఉంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి దరువు దాదాపు 0.3 సెకను ఆలస్యంగా అందుతుంది. అతను దానికి సరిగ్గా కొట్టిన చప్పట్లు వేదిక చేరటానికి మరో 0.3 సెకను. అంటే గాయకుడికి వినిపించే ఆ వెనకవరస చప్పట్లు సగం సెకనుకు పైగా పాతవి. వాటిని అనుసరిస్తే పాట ఈడ్చుకుపోతుంది; గాయకుడు తడబడతాడు; మైదానం మధ్యలో రెండు తాళాలు కొట్లాడతాయి. అందుకే పెద్ద సభల్లో పాట నడకను పాదంలో పెట్టుకోవాలి, చెవిలో కాదు. పాత కళాకారుల కాలిగజ్జె అలంకారం కాదనీ, గడియారమనీ ఇక్కడ అర్థమవుతుంది.

వంతను ఎలా అడగాలి? అసలు అడగకూడదు. పల్లవిని రెండుసార్లు ఒకేవిధంగా, ఏ గమకమూ మార్చకుండా పాడి, మూడోసారి చివరి మాట దగ్గర గాయకుడు తాను ఆగాలి. ఆ ఖాళీలోకి సభ వస్తుంది. మొదట ఇద్దరు, తర్వాత ఇరవైమంది. రాకపోతే కోప్పడకుండా ఆ మాట తానే పూర్తిచేసి ముందుకు పోవాలి. ప్రతిసారీ పల్లవికి కొత్త సంగతి వేసి తన విద్వత్తు చూపించేవాడు ఈ ద్వారాన్ని తన చేతులతోనే మూసేస్తున్నాడు. చరణం మరిచిపోయినప్పుడూ దిక్కు పల్లవే. "క్షమించండి, మరిచిపోయాను" అని పాట ఆపి కాగితాలు వెతకటం కంటే, పల్లవికి తిరిగొచ్చి సభతో రెండుసార్లు పాడిస్తే చాలు. ఈలోగా పోయిన మాట దొరుకుతుంది.

కాలజ్ఞానం లేకపోవటం కూడా ఈ కోవలోదే. పది గంటలకు ఆఖరి బస్సు. రేపు తెల్లారకముందే లేచి కూలికి పోవలసిన మనుషులు. "ఇంకొక్క పాట" అంటూ మూడు పాటలు సాగదీసేవాడికి ఎదురుగా ఉన్న జీవితం కనిపించటం లేదనే అర్థం. అలాగే ఎదుటి మనుషుల్ని వదిలి, తనను చిత్రిస్తున్న సెల్‌ఫోన్ కేసి చూస్తూ పాడేవాడు. అక్కడ లేని శ్రోత కోసం ఉన్న శ్రోతను వదులుకోవటం నా దృష్టిలో ఒక విధమైన పలాయనవాదం.

5

ఇక అనుకరణ. వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న మనకు దూరమయ్యారు. ఆ తర్వాత గొంగళి, కర్ర, గజ్జెలతో వేదిక ఎక్కే ఒంటరి గాయకులు నాకు చాలామంది కనిపిస్తున్నారు. అభిమానాన్ని తప్పుపట్టను. కాని గద్దర్ గొంగళి ఆయన సొంత అలంకారం కాదు. మెదక్ పల్లెల గొల్లకురుమల భుజం మీదినుంచి తీసుకున్నది. వంగపండు పలుకు ఉత్తరాంధ్ర పొలాల పలుకు. వారు జనాన్ని చూసి నేర్చుకున్నారు. వీరు వారిని చూసి నేర్చుకుంటున్నారు. నీటిని చూసి కాక, నీటి బొమ్మను చూసి ఈత నేర్చుకోవటం లాంటిది ఇది. కృష్ణా డెల్టా కుర్రవాడు తనకు రాని యాసలో పాడుతుంటే, ఆ యాస మాట్లాడేవాళ్లూ నమ్మరు, మాట్లాడనివాళ్లూ నమ్మరు.

దీనితో ముడిపడిందే కవి పేరు చెప్పకపోవటం. నిజాం వ్యతిరేక పోరాట కాలపు కవి యాదగిరి కట్టిన పాటను 'మాభూమి' సినిమాలో గద్దర్ పాడారు. ఆ పాట ఎంత ప్రఖ్యాతమో చెప్పనక్కర్లేదు. అయినా అది గద్దర్ రాసిందేనని నమ్మే సాహిత్య విద్యార్థులు ఇవాళ్టికీ కనిపిస్తారు. ఇది గద్దర్ తప్పు కాదు, మన నిర్లక్ష్యం. పాట జనానిది కనుక కవి పేరెందుకనే వాదం పైకి విప్లవాత్మకంగా కనిపిస్తుంది. ఆచరణలో అది పేరున్నవాడి ఖాతాలో పేరులేనివాడి శ్రమను జమకట్టటమే. పాటకు ముందు పది నిమిషాల ఉపన్యాసం వద్దు గాని, కవి పేరూ ఊరూ చెప్పే ఒక్క వాక్యం తప్పకుండా కావాలి.

6

ఇదంతా రూపవాదమనీ, ఆవేశం నిజమైనదైతే తక్కినవి వాటంతటవే వస్తాయనీ మిత్రులు కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. నాగలి పట్టటం చేతకానివాడి ఆవేశాన్ని చూసి ఏ రైతూ సాలు వదిలిపెట్టడు. జనం అన్ని పనుల్లోనూ పనితనాన్ని గౌరవిస్తారు. పాట విషయంలో మాత్రం పనితనం అక్కర్లేదని మనం ఎందుకు అనుకోవాలి? వస్తువు గొప్పదైనకొద్దీ దాన్ని మోసే చేతికి నేర్పు ఎక్కువ కావాలి.

అయితే తప్పంతా గాయకుడి మీద వేసి తప్పుకోవటం కూడా అన్యాయం. ఇక్కడ ఆత్మవిమర్శ చేసుకోవలసింది రాసేవాళ్లం. కొన్నేళ్ల కిందట నేనూ ఒక పాట రాశాను. పత్రికలో అచ్చయింది, బాగుందన్నారు. మా బడిలో చదువుకొని వెళ్లిన ఒక అబ్బాయి దాన్ని ఒక సభలో ఒంటరిగా పాడాడు. మూడో పంక్తికే ఆయాసం. చరణంలో ఊపిరి తీసుకునే చోటు లేదు. నాలుగు పంక్తుల వాక్యాన్ని సమాసాలతో కట్టేశాను. పల్లవి చివర సంయుక్తాక్షరం. దాన్ని సభ అందుకోలేదు. సభ ఊరుకుంది. అబ్బాయి తన గొంతు బాగాలేదని సిగ్గుపడ్డాడు. తప్పు నాదని ఆ రోజు అతనితో అనలేకపోయాను. ఇవాళ ఇక్కడ అంటున్నాను. వంతకు చోటులేని పాట రాసిందీ మనమే, వంత రాలేదని గాయకుణ్ణి నిందిస్తున్నదీ మనమే. రాసిన పాటను అచ్చుకు పంపేముందు నిలబడి, గొంతెత్తి, ఒక్కసారి పాడి చూడండి. దీర్ఘాచ్చుతో ముగిసే పల్లవిని పదిమంది సులువుగా అందుకుంటారు. ఊపిరి తెగేచోట అర్థం కూడా తెగాలి. ఈ రెండు సంగతులు నాకు ఎం.ఏ.లో ఏ ఛందశ్శాస్త్రమూ చెప్పలేదు, ఆ అబ్బాయి ఆయాసం చెప్పింది.

ఆ సంస్మరణ సభ చివర ఒక సంగతి జరిగింది. వక్తలయ్యారు, వందన సమర్పణ అయింది, మైకు కట్టేశారు. పట్టాలు చుడుతుండగా నాటు కూలీల్లో ఒకామె ఆ తల్లి పక్కన కూర్చొని, ఇందాకటి పాటలోని పల్లవినే, బాణీ కొంచెం మార్చి, తమ నాటుపాట వరసలో ఎత్తుకుంది. తల్లి చివరి మాట అందుకుంది. చుట్టూ ఉన్న పదిమందీ అందుకున్నారు. గాయకుడు తన సంచీ భుజాన వేసుకొని వెళ్లబోతూ ఆగాడు. కాసేపు అలాగే నిలబడి విన్నాడు. తర్వాత సంచీ కింద పెట్టి, వాళ్ల వెనక కూర్చొని, మెల్లగా వంత కలిపాడు.

ఆ కుర్రవాడి మీద నాకు నమ్మకముంది. అతను మళ్లీ వేదిక ఎక్కినప్పుడు ఎలా పాడతాడో వినాలని ఉంది. ఈలోగా, పాటను పుస్తకంలో చదివే మనం కూడా కాస్త లేచి సభలోకి వెళ్లి, వెనకవరసలో కూర్చొని వినటం మొదలుపెడితే, పాట మీద మన విమర్శకు కొత్త చెవి వస్తుంది. గాయకులు, కవులు తమ అనుభవాలతో ఈ చర్చను కొనసాగించాలని కోరుతున్నాను.